వానాకాలపు కాంచనపురి

విదేశయాత్రకు వానాకాలం పనికిరాదన్నది లోకాభిప్రాయం. యాత్రా సంస్థల ప్రకటన పత్రాలలో థాయిలాండు ఎప్పుడూ నీలాకాశం కిందనే కనిపిస్తుంది. నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు గల నాలుగు మాసాలే ఆ దేశం చూడదగిన కాలమని అవి మనకు నచ్చజెప్పుతాయి. కాని కొన్ని ఊళ్ళు వానలో చూస్తేనే గాని బోధపడవు. బ్యాంకాకుకు పడమటి దిశగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో, రెండు నదులు కలిసే చోట వెలసిన కాంచనబురి అటువంటి ఊరు.

ఆ పేరు మన చెవికి కొత్తది కాదు. కాంచనం, పురి అనే రెండు సంస్కృత పదాలు కలిసి అక్కడివారి నాలుక మీద కాంచనబురిగా మారాయి. బర్మా సరిహద్దులోని మూడు స్తూపాల కనుమ నుండి దండెత్తి వచ్చే సేనలను అడ్డగించడానికి పూర్వం ఇక్కడ కోట ఉండేది. 19వ శతాబ్దంలో, చక్రి వంశపు మూడవ రాముని కాలంలో, పట్టణాన్ని నేడున్న స్థలానికి, అంటే నదీసంగమానికి, తరలించారు. సంగమం వద్ద ఉన్న పాత వీథి పేరు పాక్ ఫ్రేక్. చెక్క తలుపుల అంగళ్ళు, చైనా వర్తకుల పాత మేడలు నేటికీ ఆ వీథిలో వరుసగా నిలిచి ఉన్నాయి.

బ్యాంకాకులోని థోన్‌బురి స్టేషను నుండి ఉదయం పూట బయలుదేరే ప్యాసింజరు బండి దాదాపు మూడు గంటలలో ఇక్కడికి చేరుస్తుంది. మూడవ తరగతి పెట్టెలు, తెరిచిన కిటికీలు. వాన మొదలు కాగానే ప్రయాణికులందరూ ఒక్కసారిగా లేచి కిటికీ తలుపులు దించుతారు. వాన వెలియగానే అంతే వేగంగా పైకెత్తుతారు. దారి పొడవునా వరి నాట్లు, చెరకు తోటలు, అరటి చెట్లు. గోదావరి జిల్లాల నుండి వచ్చినవారికి తాము దేశం దాటి వచ్చామన్న సంగతి స్టేషన్ల పేర్లు చదివినప్పుడే జ్ఞాపకం వస్తుంది.

ఎక్కడి వానో, ఎక్కడి వరదో

ఊరికి వాయవ్య దిశ నుండి రెండు నదులు వస్తాయి. పెద్దది ఖ్వే యాయ్, చిన్నది ఖ్వే నోయ్. థాయి భాషలో 'ఖ్వే' అంటే ఉపనది అని అర్థం. విదేశీయులు దానిని 'క్వాయ్' అని పలుకుతారు. ఆ ఉచ్చారణకు దగ్గరగా ఉన్న థాయి మాటకు గేదె అని అర్థం కనుక స్థానికులు చిరునవ్వుతో ఊరుకుంటారు. ఈ రెండూ కలిసిన తరువాత ఆ ప్రవాహానికి మే క్లాంగ్ అని పేరు. అది దక్షిణంగా సాగి థాయిలాండ్ సింధుశాఖలో కలుస్తుంది.

ఇక్కడి వాన తీరును గమనించవలసి ఉన్నది. నైరుతి ఋతుపవనం మే మధ్యలో ప్రవేశించి అక్టోబరు మధ్య వరకు ఉంటుంది. అయితే అండమాన్ సముద్రం మీదుగా వచ్చే మేఘాలు ముందుగా బర్మా సరిహద్దు కొండలను తాకి, తమ భారంలో అధికభాగాన్ని అక్కడనే దించుకుంటాయి. కొండలకు ఇవతల, మైదానంలో ఉన్న పట్టణంపై వాన అంత హెచ్చుగా కురవదు. తెల్లవారుజామున తేటగా ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి నల్లబడుతుంది. గంట సేపు కుండపోత, ఆ తరువాత ఎండ. పట్టణంలో చినుకు లేని రోజున కూడ నది ఎర్రగా, వెదురు గడలను, చెట్ల కొమ్మలను మోసుకొంటూ రావచ్చును. ఎగువ కొండలలో కురిసిన వాన కబురును ఊరికి చెప్పేది నదియే.

పూర్వం ఈ కబురు వరద రూపంలో వచ్చేది. 1980 ప్రాంతంలో ఖ్వే యాయ్ మీద శ్రీనగరింద్ర ఆనకట్ట, ఆ తరువాత కొద్ది సంవత్సరాలకు ఖ్వే నోయ్ మీద మరొక పెద్ద ఆనకట్ట వెలసినప్పటి నుండి నది ఉద్ధృతి చాలవరకు అదుపులోకి వచ్చింది. ఒడ్డున కట్టిన తెప్పల మీది వసతి గృహాలు, భోజనశాలలు వానాకాలంలోనూ నిలకడగా తేలుతూ ఉంటాయి. జనసమ్మర్దం ఉండదు, గది అద్దెలు తగ్గుతాయి. తెప్ప అంచున కూర్చుండి, కొబ్బరి పాలు లేకుండా అడవి దినుసులతో వండే 'కెంగ్ పా' అనే కారపు కూరతో వేడి అన్నం తింటూ ఎదుటి ఒడ్డున వాన నడిచి రావడం చూడటం ఒక అనుభవం. ఆ కూర కారం మన గుంటూరు వారిని కూడ ఒక క్షణం ఆలోచింపజేస్తుంది.

వర్షావాసం

వానాకాలంలోనే కనిపించే మరొక దృశ్యం బౌద్ధవిహారాలలో ఉన్నది. ఆషాఢ పూర్ణిమను థాయిలు 'ఆసాన్హా బూచా' అంటారు. ఆషాఢ పూజ అన్నమాట. ఆ మరునాటి నుండి మూడు మాసాలు భిక్షువులు తమ విహారం విడిచి అన్యత్ర నివసించరు. దీనికి 'ఫన్సా' అని పేరు. సంస్కృతంలోని 'వర్ష' శబ్దమే అలా మారింది. వానకాలపు పొలాలలో తిరుగాడే భిక్షువుల పాదాల కింద లేతపైరు, చిన్నప్రాణులు నలిగిపోతున్నాయని ప్రజలు ఆక్షేపించగా బుద్ధుడు ఈ నియమం విధించెనని వినయపిటకం చెప్పుతున్నది. చాతుర్మాస్య వ్రతం ఎరిగిన మనకు ఇందులో వింత తోచదు.

ఫన్సా ఆరంభంలో గృహస్థులు విహారానికి రెండు వస్తువులు సమర్పిస్తారు. మూడు మాసాలు వెలగడానికి తగిన నిలువెత్తు మైనపు వత్తి ఒకటి. భిక్షువులు వానలో స్నానం చేసేటప్పుడు ధరించే వస్త్రం రెండవది. ఎందరో యువకులు ఈ ఒక్క ఋతువు కొరకే తల గొరిగించుకొని కాషాయం ధరిస్తారు. తల్లిదండ్రుల ఋణం తీర్చుకొనే మార్గంగా దానిని భావిస్తారు. ఒక భిక్షువు ఎంత పెద్దవాడో తెలుసుకోవాలంటే అతడు ఎన్ని ఫన్సాలు గడిపెనని అడుగుతారు. మన భాషలోనూ వర్షమంటే వాన, వర్షమంటే సంవత్సరం. కాలాన్ని వానలతో లెక్కించిన ప్రాచీనుల అలవాటును ఈ ఊరి విహారాలు నేటికీ పాటిస్తున్నాయి.

అయితే ఈ ఊరు మరచిపోలేని ఒక వర్షం 1943 నాటిది.

కథలోని వంతెన, కళ్ళెదుటి వంతెన

లోకానికి కాంచనబురి పేరు తెలియకపోయినా, క్వాయ్ నది వంతెన పేరు తెలియును. పియేర్ బూల్ అనే ఫ్రెంచి రచయిత 1952లో వ్రాసిన నవలను 1957లో డేవిడ్ లీన్ చలనచిత్రంగా తీశాడు. దానికి ఏడు ఆస్కార్ బహుమతులు వచ్చాయి. చిత్రీకరణ జరిగినది సింహళంలో. నిజమైన వంతెన నిర్మించినది మే క్లాంగ్ నది మీద. సినిమా చూసి వచ్చిన యాత్రికులు క్వాయ్ నది ఎక్కడ అని అడుగుతుండగా, థాయి అధికారులు 1960 ప్రాంతంలో సంగమానికి ఎగువనున్న మే క్లాంగ్ భాగానికి ఖ్వే యాయ్ అని పేరు మార్చారు. కథను సరిదిద్దడం కంటె నది పేరు దిద్దడం సులభమని వారికి తోచినట్లున్నది.

వంతెన నల్లని ఇనుప వంతెన. విల్లువలె వంగిన కమానులు నాటివే. జపానువారు జావా నుండి తెప్పించినవి. నడుమ కోణాలు తేలి కనిపించే రెండు కమానులు 1944-45లలో మిత్రరాజ్యాల విమానాలు బాంబులు వేసి కూల్చిన భాగానికి బదులుగా యుద్ధానంతరం అమర్చినవి. నేటికీ దీని మీదుగా రైళ్ళు నడుస్తున్నాయి. బండి లేనప్పుడు జనం పట్టాల నడుమ నడిచి ఆవలి ఒడ్డుకు పోతారు. వానలో ఆ ఇనుపరేకులు జారుతాయి. కాలి కింద, సందుల గుండా, ఎర్రనీరు సుడులు తిరుగుతూ కనిపిస్తుంది.

1943 నాటి వాన

సింగపూరు, రంగూను నగరాలు 1942లో జపాను వశమైన తరువాత, బర్మాలోని తమ సైన్యానికి సరుకులు చేరవేయడం వారికి సమస్య అయినది. మలక్కా జలసంధి మీదుగా వెళ్ళే ఓడలను శత్రువుల జలాంతర్గాములు ముంచుతున్నాయి. అందుచేత థాయిలాండులోని నోంగ్ ప్లాదుక్ నుండి బర్మాలోని థన్‌బ్యూజయాత్ వరకు, కొండల మీదుగా, అడవుల గుండా 415 కిలోమీటర్ల రైలుమార్గం తలపెట్టారు. 1942 మధ్యలో ఆరంభమైన పని 1943 అక్టోబరు 17న పూర్తి అయినది. యంత్రాలు తక్కువ, గునపాలు, పారలు, గంపలు, మనుషుల భుజాలు ఎక్కువ. బ్రిటిష్, ఆస్ట్రేలియన్, డచ్, అమెరికన్ యుద్ధఖైదీలు 60,000కు పైగా ఈ పనిలో నియుక్తులైనారు. వారిలో 12,000కు పైగా మరణించారు.

ఈ మరణాలలో వాన పాత్ర ఎంతటిదో వానాకాలంలో ఎగువకు ప్రయాణం చేస్తే అర్థమవుతుంది. 1943 తొలి మాసాలలో జపాను అధికారులు పనిని త్వరితపరచవలసిందని ఆజ్ఞలు పంపారు. అదే సమయానికి ఋతుపవనం దిగింది. బండ్లబాటలు బురదలో మునిగిపోయాయి. లారీలు కదలక, బియ్యం శిబిరాలకు అందలేదు. వెదురు పాకల పైకప్పులు కారేవి. మలం గోతులు వాననీటితో నిండి పొర్లి వాగులలో కలిసేవి. మే, జూన్ మాసాలలో కలరా ప్రవేశించింది. పట్టణానికి వాయవ్యంగా సుమారు 80 కిలోమీటర్ల దూరంలో కొండను తొలిచి వేసిన దారికి ఖైదీలు నరకాగ్ని కనుమ అని పేరు పెట్టారు. రాత్రివేళ కాగడాల వెలుగులో పని చేస్తున్న ఎముకలగూళ్ళ వంటి మనుషులను చూసి పెట్టిన పేరు అది. 1998లో ఆస్ట్రేలియా ప్రభుత్వం అక్కడ ఒక ప్రదర్శనశాల నెలకొల్పినది. ఆ కనుమలో వానచినుకులు రాతిగోడల మీదుగా జారుతుంటే, చేతితో ఉలిదెబ్బలు వేసిన గుర్తులు స్పష్టంగా మెరుస్తాయి.

ఆ చీకటిలోనూ కాంచనబురి పట్టణవాసులు కొందరు మానవత్వం విడువలేదు. పాక్ ఫ్రేక్ వీథిలోని వర్తకుడు బూన్‌పాంగ్ సిరివెజ్జభండు శిబిరాలకు కూరగాయలు, సరుకులు పడవల మీద సరఫరా చేసేవాడు. ఆ సరుకుల మాటున ప్రాణాపాయాన్ని లెక్కించక మందులు, డబ్బు, రహస్య రేడియోలకు బ్యాటరీలు ఖైదీలకు చేర్చాడు. యుద్ధానంతరం బ్రిటిష్, డచ్ ప్రభుత్వాలు ఆయనను సత్కరించాయి. ఆయన ఇంటిపేరులోని 'వెజ్జ' పాళీ మాట; వైద్యుడని అర్థం. మన ప్రాచీన తెలుగులో వైద్యుని వెజ్జు అన్నారు. ఆ పేరు ఆయన సార్థకం చేసుకొన్నాడు.

రెండు విధాల సమాధులు

రైలు స్టేషనుకు అనతిదూరంలో యుద్ధ శ్మశానవాటిక ఉన్నది. ఏడువేలకు కొంచెం తక్కువగా సమాధులు, నున్నగా కోసిన పచ్చిక, వరుస తప్పని రాతిదిమ్మెలు, ఒక్కొక్క దాని మీద కంచురేకు, ఆ రేకు మీద పేరు, వయస్సు, పటాలం, ఇంటివారు చెక్కించిన ఒక వాక్యం. ఇరవై, ఇరవైరెండు, ఇరవైనాలుగు సంవత్సరాల వయస్సులు ఎక్కువ. రెండు సమాధులలో దహనం చేయబడిన 300 మంది చితాభస్మం ఉన్నది. వారిలో అధికులు నీకే అనే శిబిరంలో కలరాకు బలి అయినవారు. ఆ భస్మాన్ని వేరుచేయడం ఎవరికీ సాధ్యం కాదు. అయినా ఆ 300 పేర్లూ మంటపంలోని ఫలకాల మీద చెక్కి ఉన్నాయి. ప్రవేశద్వారం వద్ద అవిభక్త భారతదేశపు సైనికులు 11 మంది పేర్లు కూడ ఉన్నాయి. థాయిలాండులోని ముస్లిం శ్మశానాలలో ఖననమై, సమాధుల సంరక్షణకు వీలులేకపోయిన వారు వీరు.

ఇంతవరకు చూసి వెనుదిరిగిన యాత్రికుడు సగం కూడ చూడనట్లే.

ఈ మార్గంలో పనిచేసినవారిలో అత్యధికులు సైనికులు కారు. మలయా, బర్మా, జావా, థాయిలాండు దేశాల నుండి రప్పించిన ఆసియా కూలీలు. వారి మరణాల సంఖ్య 80,000 నుండి లక్ష వరకు ఉండునని అంచనా. మలయా నుండి తీసుకుపోబడినవారే 70,000కు పైగా ఉంటారని పరిశోధకులు చెప్పుతారు. వారిలో పెక్కురు దక్షిణ భారతీయులు, రబ్బరు తోటల కూలీలు. తమిళులు అధికులు, వారితోబాటు తెలుగువారు, మలయాళీలు. కంగాణీల వెంట విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుండి ఓడలెక్కి మలయా చేరిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. యుద్ధంతో రబ్బరు ఎగుమతులు నిలిచి, తోటలు మూతపడి, బియ్యం కరవైనప్పుడు, రోజుకు ఒక డాలరు కూలి, మూడు నెలల పని అన్న మాట నమ్మి మొదట కొందరు వెళ్ళారు. వెళ్ళినవారు తిరిగి రాకపోయేసరికి తరువాత ఎవరూ ముందుకు రాలేదు. అప్పుడు దారిన పోయేవారిని పట్టుకున్నారు. ఉచితంగా సినిమా చూపెదమని పిలిచి, హాలు తలుపులు మూసి, అట్నుంచి అటే రైలు ఎక్కించిన సంఘటనలు నాటివారు చెప్పియున్నారు.

వీరి మరణాలు ఖైదీల మరణాల కంటె ఎందుకు అధికమైనవి? ఖైదీలకు తమ అధికారులు ఉన్నారు, తమ వైద్యులు ఉన్నారు. నీరు కాచి త్రాగవలెనని, తినే పళ్ళెం మరగిన నీటిలో ముంచవలెనని వారు శాసించారు. కూలీలకు వైద్యుడు లేడు, నాయకుడు లేడు, క్రమశిక్షణ నేర్పే వ్యవస్థ లేదు. కొందరి వెంట భార్యాపిల్లలు ఉన్నారు. వానకు తడిసి, దాహానికి వాగునీరు త్రాగారు. కలరా సోకిన శిబిరాలలో బ్రతికినవారు అడవిలోకి పారిపోయారు. లెక్క వ్రాసేవారు లేరు. ఎవరు ఎక్కడ పడిపోయెనో అక్కడనే మట్టి అయినది.

శ్మశానవాటిక పక్కనే థవోన్ వరారామ్ అనే వియత్నామీయ సంప్రదాయపు బౌద్ధాలయం ఉన్నది. అక్కడ ఆ అజ్ఞాత కూలీల అస్థికలను నిక్షేపించిన స్మారకం ఒకటి కనిపిస్తుంది. ఇటీవలి సంవత్సరాలలో తమిళ సంఘాలవారు పూనుకొని అక్కడ ఒక 'నడుకల్' ప్రతిష్ఠించారు. మన పల్లెల పొలిమేరలలో కనిపించే వీరగల్లు వంటిదే అది.

నేను అక్కడకు వెళ్ళిన నాటి మధ్యాహ్నం సన్నని వాన పడుతున్నది. ఎనభై ఏళ్ళు దాటిన ఒక వృద్ధురాలు మనుమడు గొడుగు పట్టగా స్మారకం ముందు బంతిపూలు పెట్టుచున్నది. మలేషియా నుండి వచ్చారట. మనుమడికి తెలుగు రాదు. ఆమెకు వచ్చును, నాలుగు మాటలకొక తమిళపు మాట దొర్లే తెలుగు.

"మా అయ్యని పట్టుకుపోయేసరికి నేను కడుపులో ఉన్నాను, బాబూ. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ బొట్టు తీయలేదు. పోయాడని ఎవరూ చెప్పలేదు కదా అంది."

"ఆయన ఇక్కడనే ఉన్నారని ఎవరైనా చెప్పారా, అమ్మా?" అని అడిగాను.

"ఎవరు చెప్తారు? పువ్వులు ఎక్కడో ఒకచోట పెట్టాల కదా."

తరువాత ఆమె తండ్రి పేరు చెప్పి, దానిని ఒక కాగితం మీద తెలుగులో వ్రాసి ఇమ్మని అడిగింది. ఆమెకు మాట వచ్చును గాని లిపి రాదు. వ్రాసి ఇచ్చాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి, తడవకుండా చేతిసంచిలో పెట్టుకొన్నది.

యాత్రికులకు

జూలై, ఆగస్టు మాసాలు ఈ యాత్రకు మంచివి. సెప్టెంబరు, అక్టోబరులలో వాన హెచ్చు. ఒక పూట పట్టణానికి, ఒక రోజు రైలుప్రయాణానికి కేటాయించాలి. కాంచనబురి నుండి బండి వంతెన దాటి, థమ్ క్రాసే వద్ద ఖ్వే నోయ్ నది అంచున, కొండచరియను ఆనుకొని నిలిపిన చెక్కల వారధి మీదుగా నడకవేగంతో సాగి, నామ్ తోక్ వద్ద ఆగుతుంది. అంతకు పైన ఉండిన పట్టాలను యుద్ధానంతరం తొలగించారు. నామ్ తోక్ అంటే జలపాతం; వానాకాలంలో ఆ పేరు అతికినట్లు ఉంటుంది. ఏడంతస్తుల ఎరావాన్ జలపాతం మరొక దారిలో ఉన్నది. ఆ పేరు మన ఐరావతమే. నీరు ఉద్ధృతంగా ఉన్న దినాలలో పై అంతస్తులకు పోనివ్వరు. ఆ మాట మన్నించాలి. శ్మశానవాటిక చెంతనే 2003లో తెరిచిన రైలుమార్గ చరిత్ర ప్రదర్శనశాలను ముందుగా చూసినచో తక్కినవన్నీ బాగుగా అర్థమవుతాయి. బట్టల సంచికి ఒక ప్లాస్టిక్ కప్పు, కాళ్ళకు జారని చెప్పులు, చేతికొక గొడుగు చాలును.

చివరగా ఒక మనవి. కోస్తా జిల్లాలలో, మరి తమిళనాడులోని తెలుగు ఇండ్లలో, మలయాకు పోయి తిరిగిరాని ఒక తాతను గురించో, పెదనాన్నను గురించో పెద్దలు అప్పుడప్పుడు ప్రస్తావించే కుటుంబాలు ఉన్నాయి. ఆ పేర్లు ఎరిగినవారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. అటువంటి పేరు మీ ఇంట ఉన్నయెడల, ఏ ఊరినుండి, ఏ తోటకు, ఎప్పుడు పోయినారో అడిగి, పెద్దలుండగానే ఒక కాగితం మీద వ్రాసి ఉంచండి. కాంచనబురిలో 300 మంది బూడిద కలిసిపోయినా వారి పేర్లు నిలిచినవి, ఎవరో ఒకరు సకాలంలో వ్రాసి ఉంచినందువలననే.